అర మిల్లీమీటరు చిల్లు

కారు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఏసీ చల్లగా ఉంది, బ్రేకులు పడుతున్నాయి, మైలేజీ తగ్గలేదు. అయినా డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపురంగు ఇంజిన్ బొమ్మ ఆరదు. "నడుస్తోందిగా అల్లుడుగారూ, ఇంకేం కావాలి?" అంటారు విజయవాడ నుంచి వచ్చిన మామగారు. కావలసింది నాకు కాదు మామయ్యగారూ, కాలిఫోర్నియా ప్రభుత్వానికి! రెండేళ్లకోసారి స్మాగ్ పరీక్ష పాసైతేగాని ఇక్కడ పాతబండికి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయరు. ఆ బొమ్మ వెలుగుతూ ఉంటే ఇక మాటల్లేవు, ఫెయిలే.

స్కానర్ పెడితే పి0456 అనే కోడ్ వచ్చింది. ట్యాంకులోంచి లీకవుతోందట. పెట్రోలు కాదండీ, పెట్రోలు ఆవిరి! ట్యాంకులో లేచే ఆవిరి గాల్లో కలవకుండా దాన్ని బొగ్గు నింపిన డబ్బాలో పట్టి ఉంచుతారు. ఇంజిన్ నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటే, ఆ ఆవిరిని ఇంజినే లోపలికి లాగి కాల్చేస్తుంది. ఈ దారిలో ఎక్కడైనా అర మిల్లీమీటరు చిల్లున్నా కారు పసిగట్టేస్తుంది. మా ఇంటి పైకప్పు కారుతోందని మా ఓనరుకు అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది.

వాట్సాప్ గ్రూపులో అడిగితే అందరిదీ ఒకటే పాట: "గ్యాస్ క్యాప్ బావా, టక్‌టక్ మనేదాకా తిప్పు." తిప్పాను. కొత్తది కొన్నాను. చాలా కార్లలో దోషి మూతేనన్న మాట నిజమే. నా కారుకే అంత చవక రోగం రాలేదు.

పైగా రోగం కుదిరిందో లేదో చెప్పాల్సింది కారే. అది తనకు తాను పరీక్ష చేసుకోవాలంటే ట్యాంకు నిండుగానూ ఉండకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. చాలా కార్లలో 15 నుంచి 85 శాతం మధ్య ఉండాలి. ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండాలి. బయట మరీ ఎండా పనికిరాదు, మరీ చలీ పనికిరాదు. మా పెళ్లికి పంతులుగారు కూడా ఇన్ని షరతులు పెట్టలేదు. ఈ బాధ తెలిసే కాబోలు, 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోలు కార్లకు ఈ ఒక్క పరీక్ష పూర్తికాకపోయినా ఇక్కడ పాస్ చేస్తారు. లైటు మాత్రం వెలక్కూడదు.

ఇంతలో మా బావమరిది ఫోను. "గొట్టంలో సాలెపురుగు దూరిందేమో చూడు బావా." పగలబడి నవ్వాను. ఆనక చదివితే నవ్వు ఆగిపోయింది. 2011లో మాజ్దా కంపెనీ మాజ్దా 6 కార్లను వేలల్లో వెనక్కి పిలిచింది నిజంగా సాలెపురుగుల వల్లే! ఎల్లో శాక్ స్పైడర్ అనే రకం బొగ్గు డబ్బా గాలి గొట్టంలో గూడు కట్టేది. గాలి ఆడక ట్యాంకు లోపలికి పీల్చుకుపోయి పగిలే ప్రమాదం ఉందన్నారు. గొట్టంలో స్ప్రింగు పెట్టారు. 2014లో మళ్లీ 42 వేల కార్లను పిలవాల్సి వచ్చింది. ఈసారి మందు సాఫ్ట్‌వేర్. సాలెపురుగు మీద సాఫ్ట్‌వేర్ ప్రయోగం! ఆ కోడ్ టెస్ట్ చేసింది ఏ గుంటూరు కుర్రాడో అయ్యుంటాడు. పాపం, స్టేటస్ మీటింగులో ఏమని చెప్పాడో. శ్రీకాళహస్తిలో సాలెపురుగు శివుడికి గూడు అల్లి మోక్షం సంపాదించుకుంది. దీనికి పెట్రోలు ట్యాంకు మీద ఏం భక్తి? పెట్రోలు వాసనకు మరిగిందన్నారు. ఇక నాకు నిద్రపడితే ఒట్టు. రాత్రి భోజనాలయ్యాక టార్చి పట్టుకుని కారు కిందికి దూరడం, ఎదురింటి తెల్లాయన కర్టెన్ పక్కకు జరిపి చూడటం, మా ఆవిడ "ఏవండీ, దొరికితే చంపకండి" అని గుమ్మంలోంచి కేకెయ్యడం. నా కారు మాజ్దా కాదు. ఆ సంగతి సాలెపురుగుకు తెలియాలిగా!

చివరికి గ్యారేజీలో పొగ మిషను పెట్టించాను. గొట్టాల్లోకి తెల్లటి పొగ ఊదారు. మెకానిక్ టార్చి వేసి వెతుకుతుంటే పర్జ్ వాల్వు దగ్గర, రబ్బరు గొట్టం వంపు తిరిగే చోట, గోటిగీరంత పగులులోంచి దారప్పోగులా పొగ లేచింది. సాలెపురుగు లేదు సరికదా, దాని బూజు కూడా లేదు. గొట్టం పన్నెండు డాలర్లు. కనిపెట్టినందుకు నూట ఎనభై. మార్చినందుకు మళ్లీ వేరే. పొగకు డబ్బులు తీసుకోలేదు, సంతోషం.

పాత గొట్టం ఊడదీయగానే గుప్పున పెట్రోలు వాసన కొట్టింది. నాన్న చేతక్ స్కూటర్‌ను ఒక పక్కకు వంచి కిక్కు కొట్టేటప్పుడు వచ్చే వాసన. ముందు నిలబడి దాన్ని ఇష్టంగా పీలుస్తూ బెంజ్ సర్కిల్ దాటేవాణ్ణి. అందులో బెంజీన్ ఉంటుందని, అది క్యాన్సర్ తెస్తుందని మాకెవరూ చెప్పలేదు. నాన్న ఉద్యోగమంతా బండ్ల పొగలోనే తిరిగారు. ఆయన దగ్గుకు ఏ లైటూ వెలగలేదు.

స్మాగ్ నోటీసు చేతికొచ్చిన సోదర సోదరీమణులకు ఒక మాట. కోడ్ చెరిపించి, లైటు ఆరింది కదా అని అదే రోజు పరీక్షకు పరుగెత్తకండి. కారు మిగతా పరీక్షలు పూర్తి చేసుకునేదాకా పాస్ చేయరు. బంకులో నాజిల్ టక్‌మని ఆగాక, రౌండ్ ఫిగర్ కోసం ఇంకాస్త పోయకండి. ఆ పెట్రోలు బొగ్గు డబ్బాలోకి చేరితే డబ్బానే మార్చాల్సి వస్తుంది. దాని ధర గొట్టం ధర కాదు.