సరికొత్త సూత్రానికి టిన్నరుదీపిక

మూలం: “కారు లోపలి ప్లాస్టిక్ భాగములు ప్రత్యేక విధానమున రంగు వేయబడి సరికొత్తగా చేయబడును.”

అవతారిక

ఇది కందం కాదు, సీసం కాదు. కార్లకు ముస్తాబు చేసే ఒక దుకాణం గోడకు వేలాడే అట్ట. ఇలాంటి చోటిని నిన్నమొన్నటి దాకా షెడ్డు అనేవాళ్లం, ఇప్పుడు స్టూడియో అనాలట. షెడ్డువాడు “టచప్ చేసిస్తా సార్” అని ఊరుకునేవాడు. స్టూడియోవాడు “పునరుజ్జీవనం” అంటాడు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే స్ప్రే డబ్బా. ఇంత గంభీరమైన వాక్యానికి ఇన్నాళ్లూ ఒక్క వ్యాఖ్యానమైనా లేకపోవడం వాఙ్మయానికే లోటు కాబట్టి పూనుకుంటున్నాం. సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. మాకు ఆ నియమాలు రెండూ లేవు.

ప్రతిపదార్థం

కారు: స్పష్టం. లోపలి: స్పష్టం. ప్లాస్టిక్ భాగములు: డోర్‌ప్యాడ్లు, గేరు చుట్టూ ఉండే కన్సోలు, ఏసీ గాలి వచ్చే చట్రాలు, అద్దాలు దించే స్విచ్చుల పలక. రంగు: ఇక్కడ ఆగక తప్పదు.

విశేషం

అన్నంభట్టు తన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో రంగులు ఏడన్నాడు: తెలుపు, నీలం, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, కపిశం, చిత్రం. నలుపును నీలంలోనే కలుపుకోవాలి. మరి కార్ల కంపెనీలు ముచ్చటపడి వేసే బేజ్ ఏ లెక్కలోకి వస్తుంది? పిల్లల చెప్పులు తగలకముందు తెలుపుకు దగ్గర, తగిలాక నిస్సందేహంగా కపిశం. ఏడోదైన చిత్రవర్ణం దగ్గర పెద్ద చర్చే నడిచింది. రంగనేది వస్తువంతా వ్యాపించి ఉండే గుణం. అలాంటప్పుడు ఒకే బట్టలో ఎరుపూ పసుపూ పక్కపక్కన ఎలా ఉంటాయి? ఉండవు, కాబట్టి చిత్రమని వేరే రంగునే ఒప్పుకోవాలి అని తేల్చారు. ఆ దుకాణంలో రంగు వేయించిన మా డోర్‌ప్యాడ్ హ్యాండిలు ఇప్పుడు సగం బూడిద రంగు, సగం పాత బేజ్. దుకాణంవాడి రంగుల కార్డులో చిత్రవర్ణం లేదు. చివరికి అతను అప్పగించింది మాత్రం అదే.

రంగు మారడం గురించి వైశేషికం, న్యాయం అనే రెండు దర్శనాల మధ్య అంతకన్నా రుచికరమైన వాదం ఉంది. పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడుతుంది కదా, అప్పుడు కుండకు ఏమవుతుంది? కుండ పరమాణువులుగా విడిపోయి, వాటి రంగు మారి, అవే మళ్లీ కూడి కొత్త కుండ పుడుతుందని వైశేషికులు. దీనికి పీలుపాకమని పేరు. అంత అవసరం లేదు, కుండ కుండగా ఉండగానే రంగు మారుతుందని నైయాయికులు. ఇది పిఠరపాకం. వైశేషికుల మాట నిజమైతే మే నెల బెజవాడ ఎండలో అద్దాలెత్తి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు రోజూ మధ్యాహ్నం గతించి సాయంత్రానికి సరికొత్తగా పుడుతోందన్నమాట. సూర్యుడు ఊరికే చేసిపెట్టే పనికి దుకాణంవాడికి డబ్బెందుకు? కాబట్టి స్టూడియోలకు వైశేషికం గిట్టదు. మేమూ నైయాయికుల పక్షమే. వెలిసిన డ్యాష్‌బోర్డు మారినా పాత డ్యాష్‌బోర్డే. పాతకారు కొనడానికి వచ్చినవాడికి ఈ సంగతి ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు.

పూర్వపక్షం: పాకం వల్ల, అంటే వేడి వల్ల, రంగు మారేది పృథివికి, అంటే మట్టికి మాత్రమే అన్నారు. చమురు నుంచి పుట్టిన ప్లాస్టిక్ పృథివి ఎలా అవుతుంది?

సిద్ధాంతం: డోర్‌ప్యాడ్ ఊడదీసి వెనక్కి తిప్పండి. రెండు కోణపు గుర్తుల మధ్య ‘పీపీ టీడీ20’ వంటి అచ్చు కనిపిస్తుంది. అంటే పాలీప్రొపిలీన్, అందులో 20 శాతం టాల్కు పొడి. టాల్కంటే మనం పలక మీద అక్షరాలు దిద్దిన బలపం రాయే. అయిదో వంతు రాతిపొడి ఉండగా పృథివీత్వానికి ఇంకేం సందేహం?

మూలం ఎక్కడో వదిలేశాం. దొరికిందిలెండి, ఆ వెనక అచ్చులోనే ఉంది.

ప్రత్యేక విధానమున

పాలీప్రొపిలీన్‌ను ఇటలీలో జూలియో నట్టా 1954లో సాధించాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ పంచుకున్నాడు. ఈ పదార్థానికి సహజగుణం వైరాగ్యం. తామరాకు మీద నీటిలాగా దానిమీద పడ్డ ద్రవం పరుచుకోదు, బొట్టుగా ముడుచుకుంటుంది. మరి కంపెనీ రంగు ఎలా నిలిచింది? ప్లాస్టిక్ గుళికల్లోనే రంగు కలిపి అచ్చుపోశారు కాబట్టి. న్యాయ పరిభాషలో అది సమవాయం, వస్తువు ఉన్నంతకాలం విడదీయరాని సంబంధం. పైన కొట్టే రంగుది సంయోగం, అంటే పైపై కలయిక మాత్రమే. ఇరవైనాలుగు గుణాల పట్టికలో సంయోగం పక్కనే విభాగాన్ని, అంటే విడిపోవడాన్ని, కూర్చోబెట్టారు, ఊరికే కాదు. సంయోగానికి డబ్బు తీసుకుని సమవాయమని బిల్లు ఇవ్వడం, ఇదీ నా అభియోగం.

సంయోగం నిలవదని కాదు. దానికి నిజంగానే విధానం ఉంది, రహస్యమేమీ కాదు. భాగం ఊడదీయాలి. గిన్నెల సబ్బుతో కడగాలి. ఏళ్లతరబడి రుద్దిన డ్యాష్‌బోర్డు పాలిష్‌లోని సిలికాన్ ఆనవాలు లేకుండా ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. అది మిగిలితే రంగు వెనక్కి జరిగి గుండ్రటి గుంటలు పడతాయి. కొన్ని కార్లలో రబ్బరులా మెత్తటి పూత ఉంటుంది. వేడికీ తేమకూ అది విరిగి జిగురవుతుంది, విశాఖ వంటి సముద్రపు గాలి ఊళ్లలో మరీను. ఆ జిగురును పూర్తిగా తీసేయాలి తప్ప దానిమీద రంగు కొట్టకూడదు. తర్వాత 600, 800 నంబర్ల వాటర్ పేపరుతో పైపైన గరుకు చేయాలి. వెనక ఏబీఎస్ అని ఉంటే రంగు సులువుగానే పట్టుకుంటుంది. పీపీ అని ఉంటే ముందు దానికోసమే చేసిన ప్లాస్టిక్ ప్రైమరు పడాలి. ఆపైన పలచటి పూతలు, పూతకూ పూతకూ మధ్య ఆరనివ్వడం. ఒకేసారి దట్టంగా కొడితే ప్లాస్టిక్ మీది గరుకు అచ్చు పూడిపోయి వరండా గ్రిల్లులా మెరుస్తుంది. ఈ పనిలో ముప్పాతిక వంతు కడుగుడే. అది ఫొటోలో పడదు.

మా కారుకు జరిగిన విధానం వేరు. భాగం ఊడదీయలేదు, వెనక అచ్చు చూడలేదు. మాస్కింగ్ టేపు అంటించి, పాలిష్ జిడ్డు మీదనే కొట్టేశారు. స్విచ్చుల మీది గుర్తులు కూడా రంగు కింద సమాధి అయ్యాయి. ఏ అద్దం దిగుతుందో నొక్కితేగానీ తెలియదు. వేసవి దాటకుండానే బొటనవేలు ఆనే చోట పొర లేచింది. గోరు తగిలితే చాలు, తొక్కలా వస్తోంది.

చేయబడును

కర్మణి ప్రయోగం. కర్తకు ‘చేత’ రావాలి: పలానావారి చేత. మూలంలో కర్త లుప్తం. దుకాణంలో వెతికితే అక్కడా లుప్తమే. కౌంటరు కుర్రాడు పెయింటరు పేరు చెప్పాడు. ఆ పెయింటరు ఊరెళ్లాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. యజమాని మెటీరియల్ కంపెనీని తిట్టాడు. రంగు దానంతటదే వేయబడింది, దానంతటదే ఊడబడింది, డబ్బు ఒక్కటే నా చేత ఇవ్వబడింది. ‘గ్యారంటీ ఉందా’ అంటే “జాగ్రత్తగా వాడుకోవాలి సార్” అన్నారు. డోరు హ్యాండిలును పట్టుకోకుండా తలుపు తీయడం ఎలాగో మాత్రం చెప్పలేదు.

ఇదంతా సహించవచ్చు. ఒకటి మాత్రం సహించకూడదు. ముందు సీటు ప్రయాణికుడి ఎదుట డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగు మూత ఉంటుంది. ప్రమాదంలో అది ముందే నిర్ణయించిన బలహీనమైన గీత వెంట చీలి తెరుచుకోవాలి. దానిమీద రంగుపొరలు మందంగా పేరిస్తే చీలే తీరు మారవచ్చు, ఎండిన పెచ్చులు మొహం మీదికి ఎగరవచ్చు. దాన్ని వదిలేయమని ముందే చెప్పాను. “మ్యాచింగ్ పోతుంది సార్” అని వాళ్లు కొట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

తాత్పర్యం

డోర్‌ప్యాడ్ ఊడదీస్తారా, వెనక అచ్చు ఏముంది, పీపీ అయితే ఏ ప్రైమరు, పొర లేస్తే ఎవరు మళ్లీ చేస్తారు: రంగు కార్డు చేతికి తీసుకునేముందు ఈ నాలుగూ అడగండి. జవాబులు బిల్లు మీద కర్త పేరుతో రాయించుకోండి. రాయనంటే ఆ డబ్బుతో సబ్బూ ఆల్కహాలూ మెత్తటి గుడ్డా కొనుక్కుని శుభ్రంగా తుడుచుకోండి. వెలిసిన ప్లాస్టిక్ పాతదిగానే కనిపిస్తుంది, కానీ చేతికి అంటదు.