మొదటి ఇల్లు, మొదటి బ్రోకరు: మోకలో వినపడే చెడ్డ సలహాలు

కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న మోకలోనో బళ్లారి శివారులోనో మొదటిసారి ఇల్లో సైటో కొనబోతున్నామని తెలిస్తే చాలు, సలహాలకు కొదవుండదు. టీ అంగడి దగ్గర ఒకరు చెబుతారు, పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్నవారు ఇంకొకటి చెబుతారు. చెప్పేవాళ్లందరికీ మన మీద ప్రేమే. అయినా ఆ మాటల్లో చాలావరకు మన చేత డబ్బు పోగొట్టించేవే. తోరణగల్లు ఉక్కు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టులు చేసి, బళ్లారి జీన్సు యూనిట్లలో కుట్టు మిషన్ తొక్కి, పత్తీ మిరపా అమ్మి కూడబెట్టిన డబ్బు అది. పోతే మళ్లీ కూడేది కాదు. అందుకే తరచుగా వినపడే సలహాలను ఒక్కొక్కటే ఎత్తి, ఎందుకు వినకూడదో, బదులు ఏం చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

1. “మనోడే లేప్పా, కాగితాలు అడిగితే ఏం బాగుంటాది?”

బ్రోకరు చుట్టమైతే వచ్చే ఇబ్బంది ఆయన మోసగాడని కాదు. ఆయనను మనం గట్టిగా అడగలేం. సర్వే నంబరు అడగడానికి మొహమాటం, రసీదు అడగడానికి మొహమాటం. ఆయనకూ పూర్తిగా తెలియకపోవచ్చు. నిజాయితీగానే తప్పు సైటు చూపించవచ్చు. బ్రోకరును వరసతో కాదు, చేసిన పనితో ఎంచుకోండి. ఈ మధ్య ఆయన ద్వారా కొన్న ముగ్గురు నలుగురిని కలవండి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆస్తి ఖాతాలో పేరు మారిందా? బ్యాంకు లోను ఇచ్చిందా? మొదట చెప్పిన ధరకూ చివర కట్టినదానికీ తేడా వచ్చిందా? ఈ మూడూ అడగండి. పని సరిగా చేసినవాడు ఆ పేర్లు తానే ఇస్తాడు.

2. “ముప్పై ఏళ్ల నుంచి చేస్తాండాడు, ఆయనకు లైసెన్సు ఎందుకు?”

2016లో వచ్చిన స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఈ మాటకు చోటు లేకుండా చేసింది. ప్లానింగ్ పరిధిలో 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న కట్టడం గానీ అమ్మాలంటే ముందు ఆ ప్రాజెక్టు రెరాలో నమోదు కావాలి. అందులో సైట్లు అమ్మించే ఏజెంటు కూడా విడిగా నమోదు కావాలి. నమోదు లేకుండా అమ్మించిన ఏజెంటుకు రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆస్తి ధరలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. కర్ణాటక రెరా నంబరులో ప్రాజెక్టుకైతే ‘పీఆర్’ అనీ, ఏజెంటుకైతే ‘ఏజీ’ అనీ అక్షరాలుంటాయి. బ్రోచరు మీద ప్రాజెక్టు నంబరు చూపించి అదే తన నంబరన్నట్టు మాట్లాడితే నమ్మకండి. రెరా వెబ్‌సైటులో రెండూ వేరువేరుగా చూసుకోండి.

ఊరి నడుమ గ్రామఠాణాలో పాత ఇల్లు కొంటుంటే రెరా వర్తించదు. అప్పుడు బ్రోకరు మీద ప్రభుత్వం కన్ను ఉండదు కాబట్టి, కింద చెప్పే జాగ్రత్తలే మీకు దిక్కు.

3. “ఆలూరు, గుంతకల్లు, బళ్లారి, అన్ని చోట్లా చేసేవాడైతే ఇంకా మేలు”

1953 అక్టోబరు 1 దాకా ఆలూరు, ఆదోని, రాయదుర్గం, బళ్లారి తాలూకాలు ఒకే జిల్లాలో ఉండేవి. ఆ రోజు మొదటి మూడూ ఆంధ్ర రాష్ట్రానికీ, బళ్లారి మైసూరుకూ వెళ్లాయి. మనుషుల రాకపోకలు తెగలేదు గానీ భూమి లెక్కలు విడిపోయాయి. అటువైపు అడంగల్, 1-బి చూస్తే, ఇటువైపు పహణి, మ్యుటేషన్, ఈ-స్వత్తు ఫారాలు చూడాలి. రెరా నమోదు కూడా రాష్ట్రానికి రాష్ట్రం వేరు. ఆంధ్రలో నమోదైన ఏజెంటు ఆ నంబరుతో బళ్లారి లేఅవుట్ అమ్మించకూడదు. రాష్ట్ర సరిహద్దుకు ఇటువైపు కొంటుంటే ఇటువైపు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పని చేయించి అలవాటున్నవాణ్ణే పట్టుకోండి.

4. “పహణి చూపించినాడు, ఇంకేం కావాల?”

పహణి అనేది వ్యవసాయ భూమి రికార్డు. సైటు కింద అమ్ముతున్నదానికి పహణి ఒక్కటే చూపిస్తున్నారంటే, ఆ భూమి ఇంకా పొలంగానే ఉందని అర్థం. పొలంలో ఇల్లు కట్టాలంటే సాధారణంగా 1964 నాటి కర్ణాటక భూ రెవెన్యూ చట్టం 95వ సెక్షన్ కింద డిప్యూటీ కమిషనర్ నుంచి భూమార్పిడి ఉత్తర్వు కావాలి. లేఅవుట్ అయితే ప్లాను మంజూరు కూడా కావాలి. బళ్లారి ప్లానింగ్ పరిధిలో ఆ పని బళ్లారి పట్టణాభివృద్ధి ప్రాధికారం (బుడా)ది.

2020లో కర్ణాటక భూ సంస్కరణల చట్టంలోని 79ఎ, 79బి సెక్షన్లు ఎత్తేశాక రైతు కానివాళ్లు కూడా పొలం కొనగలుగుతున్నారు. “ఎవరైనా కొనొచ్చు” అనే బ్రోకరు మాట నిజమే. కొన్న పొలంలో ఇల్లు కట్టుకోవచ్చని మాత్రం దానికి అర్థం కాదు.

పంచాయతీ పరిధిలో సైటుకు ఈ-స్వత్తు ఫారాలైన 9, 11-ఎ అడగండి. 11-బి చేతికిస్తే ఆగండి. క్రమబద్ధం కాని ఆస్తులను పంచాయతీ లెక్కలో పెట్టుకునే పత్రం అది. దాని మీద లోను ఇవ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి. ‘అన్నీ ఒకటే’ అని తేడా చెప్పకుండా దాటేసే ఏజెంటుకు అక్కడే నమస్కారం పెట్టి రండి.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: ఈ భూమి ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి మంజూరు చేసినదా? 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం అలాంటి భూమి ప్రభుత్వ అనుమతి లేకుండా చేతులు మారితే ఆ అమ్మకం చెల్లదు. భూమి తిరిగి ఆ కుటుంబానికే వెళ్తుంది. భూమిని అలా తిరిగి అడగడానికి కాలపరిమితి లేదని 2023 సవరణ తేల్చేసింది. పేదల భూమి పేదలకు దక్కాలని పెట్టిన న్యాయమైన చట్టమిది. తెలియక కొన్నామంటే అక్కడ చెల్లదు. తెలుసుకుని కొనడం మన బాధ్యత.

5. “ఆడపిల్లల సంతకాలు తర్వాత పెట్టిస్తార్లే”

ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో, కర్ణాటక 1994లో చట్టాలు చేశాయి. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. 2005లో తండ్రి బతికి లేకపోయినా కూతురి హక్కు పోదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. తాతల నాటి ఇంటిని అన్నదమ్ములిద్దరే సంతకం చేసి అమ్ముతుంటే, ఆలూరులోనో ఆదోనిలోనో కాపురముంటున్న అక్క వచ్చి కోర్టులో దావా వేయవచ్చు. అది ఆమె హక్కు. వంశవృక్షం తెప్పించి, అందులో ఉన్న ప్రతి ఒక్కరూ క్రయపత్రం మీద సంతకం చేస్తారా అని ముందే అడగండి. “ఆమె ఏమీ అనదులే” అని బ్రోకరు హామీ ఇస్తే లాభం లేదు. సంతకం చేయాల్సింది ఆమె.

6. “కన్నడం కాగితాలు ఆయనే చదివి చెప్తాడు, లాయరును కూడా ఆయనే పిలుస్తాడు”

ఇక్కడి రికార్డులన్నీ కన్నడంలో ఉంటాయి. ఆంధ్ర వైపు నుంచి వచ్చి కొనేవాళ్లకు అక్షరాలు మనవాటిలాగే కనిపించి, అర్థమైందన్న భ్రమ కలుగుతుంది. రెవెన్యూ భాష అంత సులువు కాదు. బేరం కుదిరితే కమీషన్ వచ్చే మనిషి ఆ కాగితాలు చదివి చెబితే, అడ్డంకి ఉన్న వాక్యం మెల్లగా జారిపోవచ్చు. మీరు పెట్టుకున్న లాయరు, మీరు ఫీజు ఇచ్చే లాయరు చదవాలి. బ్రోకరు లాయరు వద్దు, అమ్మేవాళ్ల లాయరూ వద్దు.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కూడా బ్రోకరు ఇచ్చిన జిరాక్సు మీద ఆధారపడకుండా మీరే తీసుకోండి. రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో 2004 ఏప్రిల్ నుంచి జరిగిన రిజిస్ట్రేషన్లు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ముప్పై ఏళ్లవి చూడటం మంచిది. అయినా ఈసీలో రిజిస్టరు అయినవే కనిపిస్తాయి. నోటిమాట పంపకాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు కనిపించవు. వాటి సంగతి ఇరుగుపొరుగును అడిగే తెలుసుకోవాలి.

7. “ఇంకో పార్టీ ఉంది, ముందు క్యాష్ ఇచ్చి పట్టుకో”

తొందర అమ్మేవాడికీ బ్రోకరుకూ లాభం, కొనేవాడికి ఎప్పుడూ నష్టమే. స్థిరాస్తి కోసం 20,000 రూపాయలు, ఆ పైన నగదు అడ్వాన్సు తీసుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టం చెబుతోంది. తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడవచ్చు. మీరు ఇచ్చేది బ్యాంకు ద్వారా, యజమాని ఖాతాకే ఇవ్వండి. బ్రోకరు ఖాతాకు వేయొద్దు. కాగితాలు సరిగా లేకపోతే ఫలానా గడువులో అడ్వాన్సు తిరిగివ్వాలని అగ్రిమెంటులో రాయించుకోండి. రెరా ప్రాజెక్టులోనైతే అగ్రిమెంటు రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి బిల్డరు తీసుకోకూడదు.

8. “జీపీఏ మీద రాయించుకో, తక్కువలో అయిపోతాది”

జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ) మీద అమ్మకం చేస్తే యాజమాన్యం మారదని 2011 అక్టోబరు 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. రిజిస్టరైన క్రయపత్రం ఒక్కటే యాజమాన్యం ఇస్తుంది. స్టాంపు డ్యూటీ మిగులుతుందని జీపీఏ వైపు తోసే ఏజెంటు, మీ ఇంటిని మీది కాకుండా చేస్తున్నాడు.

9. “ఆదివారం పొద్దున ఒకసారి చూసొస్తే చాలు”

మోక చుట్టూ నల్లరేగడి. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు బాసే నేల. పునాది సరిపోకపోతే గోడలు పగులుతాయి. అమ్మే ముందు కొత్తగా సున్నం వేసి ఉంటే అది పగుళ్లు కప్పడానికేమోనని అనుమానించండి. పెద్ద వాన పడిన మరుసటి రోజు ఒకసారి, మంచి ఎండలో ఒకసారి పోయి చూడండి. నీళ్లు ఎటు నిలుస్తున్నాయో, పక్కిళ్లకు పగుళ్లు ఉన్నాయేమో కనుక్కోండి. పునాది ఎంత లోతు తీశారో కట్టిన మేస్త్రీని అడగండి. రెండోసారి చూస్తామంటే చిరాకుపడే బ్రోకరు మీకు పనికిరాడు.

10. “కమీషన్ తక్కువ తీసుకునేవాడే మంచోడు”

కమీషన్ తక్కువని చెప్పి, యజమాని చెప్పిన ధరను పెంచి ఆ తేడా మిగుల్చుకునే పద్ధతి ఉంది. అందుకే మొదటిరోజే రెండు మాటలు తేల్చుకోండి: నా దగ్గర ఎంత తీసుకుంటావు, అమ్మేవాళ్ల దగ్గర ఎంత తీసుకుంటావు? ఆ అంకెలు రాయించుకోండి. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజున ఇస్తామని ఒప్పుకోండి. ధర మాట్లాడేటప్పుడు యజమాని ఎదురుగా ఉండాలని పట్టుబట్టండి. ఇవన్నీ ఒప్పుకున్నవాడికి నాలుగు రూపాయలు ఎక్కువిచ్చినా తప్పు లేదు. అది కష్టానికి తగిన కూలి.

మంచి ఏజెంట్లు మన చుట్టూ ఉన్నారు. వాళ్లను గుర్తుపట్టడానికి గొప్ప అనుభవం అక్కర్లేదు. మొదటి భేటీలోనే నాలుగు అడగండి: సర్వే నంబరు ఇస్తావా, కాగితాల జిరాక్సులు మా లాయరుకు ఇస్తావా, యజమానిని కలిపిస్తావా, పదిహేను రోజులు ఆగుతావా? నాలుగింటికీ సరేనన్నవాడితోనే ముందుకు పోండి. ఒక్కదానికి ‘తర్వాత చూద్దాం’ అన్నా, సైటు ఎంత బాగున్నా వదిలేయండి. ఇంకో సైటు దొరుకుతుంది. మీ పిల్లల పేరున తగాదా లేని ఇల్లు రాయించాలంటే ఆ పదిహేను రోజుల ఓపిక మాత్రం మీరే పట్టాలి.