బెయిలొచ్చింది, మనిషి రాలేదు

మన దగ్గర ఒక మనిషిని పోలీసులు తీసుకెళ్లారంటే ఇంట్లోవాళ్లకు మొదట గుర్తొచ్చేది వకీలు కాదు, కార్పొరేటర్ బామ్మర్ది. ఆయన ఫోనెత్తకపోతే ఎమ్మెల్యే పీఏ. 'సీఐతో నేను మాట్లాడతాలే, మీరు టెన్షన్ పడకండి' అని ఆయన ఫోను పెట్టేసి హాయిగా భోజనానికి కూర్చుంటాడు. ఈలోగా రాత్రి పదకొండవుతుంది. స్టేషన్ ముందు చేరిన చుట్టాల్లో ఒక పెదనాన్న సెక్షన్లు చెప్పడం మొదలుపెడతాడు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా రిటైరయ్యాడు. 'ఇది గ్యారంటీగా 307 రా' అంటాడు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చిందనీ, హత్యాయత్నం 109 అయి కూర్చుందనీ ఆయనకెవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

అరెస్టులకు శుక్రవారం సాయంత్రం దివ్యమైన ముహూర్తం. ఏ పంచాంగంలోనూ రాయకపోయినా రెండు తెలుగు రాష్ట్రాల్లో అందరికీ తెలుసు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం ప్రయాణ సమయం తీసేసి 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. నిలబెడతారు. ఆదివారమైతే ఆయన ఇంటికే తీసుకెళ్లి మరీ నిలబెడతారు. రిమాండుకు సెలవుల్లేవు, బెయిలుకు ఉన్నాయి. పిటిషన్ వేయాలంటే సోమవారం రావాలి. వేశాక ప్రభుత్వ న్యాయవాదికి నోటీసివ్వాలి. ఆయన కౌంటరుకు టైమడుగుతాడు. బుధవారం సీడీ ఫైలు, అంటే కేసు డైరీ, రాలేదంటారు.

ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో ఎడాపెడా అరెస్టులొద్దు, ముందు నోటీసివ్వండని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) వచ్చాక ఆ నోటీసు ఇప్పుడు 35(3) అయింది గానీ, స్టేషన్‌లో ఇంకా ముద్దుగా పాత నంబరుతో 'ఫార్టీవన్ ఏ' అనే పిలుస్తారు. దాన్ని తీసుకోవడం కూడా పరువు తక్కువనుకునే పెద్దమనుషులున్నారు. అది లోపల పడకుండా బయట ఉండే కాగితమని వాళ్లకు చెప్పాల్సింది వకీలే. ఆ వకీలు ఇంకా దొరకలేదు కదా!

దొరకడం మాత్రం తేలికా? వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. నేమ్ బోర్డు కూడా మితమైన సైజులోనే ఉండాలి. అందుకని ఆ ప్రచార బాధ్యతంతా కోర్టు ఎదుటి టీ కొట్టు భుజానేసుకుంది. 'ఏ కేసన్నా?' అని అడిగేది అక్కడే. చక్కెర ఎంతెయ్యాలో తర్వాత అడుగుతారు. 'జడ్జిగారు మనవాడే' అని చెవిలో చెప్పే వకీలు తగిలితే టీ డబ్బులిచ్చేసి లేవండి. 'బెయిలొస్తేనే ఫీజు' అన్నా లేవండి, ఫలితం మీద ఫీజు కుదుర్చుకోకూడదని కూడా నియమమే. పెదనాన్న తెచ్చే వకీలు మంచాయనే, కానీ ముప్ఫయ్యేళ్లుగా భూమి తగాదాలు తప్ప క్రిమినల్ కోర్టు గడప తొక్కలేదు. కొందరేమో సినిమాల్లో చూసిన కోటూ గొంతూ కోసం రాజధానికి పరిగెడతారు. మన కేసున్న కోర్టులో రోజూ నిలబడే లోకల్ ప్లీడరు ఈ పనికి నయం. మేజిస్ట్రేటు గారు ఎప్పుడు సెలవో, ప్రభుత్వ న్యాయవాదికి కౌంటరు వేయడానికి ఎన్ని రోజులు పడుతుందో, రిమాండ్ రిపోర్టు కాపీ ఎవరి దగ్గరుందో ఆయనకు తెలుసు. ఎఫ్ఐఆర్ నంబరు, సెక్షన్లు పట్టుకెళ్లండి. బెయిలు దాకా ఎంత, షూరిటీల పని అందులో కలిపా విడిగానా అని అడగండి. వకాలత్ ఖాళీగా ఉండగా సంతకం పెట్టకండి. ఇదంతా పెళ్లి మండపం బుక్ చేసేటప్పుడు అందరం చేసేదే, ఇక్కడ మాత్రం మొహమాటం.

డబ్బుల్లేవా? 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలునివ్వాలి. మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ అంతే. 15100కి ఫోన్ చేస్తే చాలు. కానీ ఉచితమంటే మనకు అనుమానం. ఉచిత బస్సెక్కుతాం, ఉచిత బియ్యం తింటాం, వకీలు దగ్గరికొచ్చేసరికి మాత్రం 'ఊరికే వచ్చేవాడు ఏం వాదిస్తాడు?' అని మీసం మెలేస్తాం.

ఇక బెయిలు. బెయిలబుల్ కేసయితే అది హక్కు, స్టేషన్‌లోనే ఇవ్వాలి. నాన్‌బెయిలబుల్ అనగానే ఇంటిల్లిపాదీ ఏడుపందుకుంటారు గానీ అక్కడా బెయిలొస్తుంది, కాకపోతే కోర్టు దయతలచాలి. పోలీసులు 60 రోజుల్లోనో, పెద్ద నేరమైతే 90 రోజుల్లోనో ఛార్జిషీటు వేయకపోతే అడిగినవాడికి ఇవ్వక తప్పదు. అడగాలి మరి! ఆ లెక్క గోడమీద క్యాలెండరులో రాసుకునే ఇల్లాలే ఆ ఇంటికి అసలైన వకీలు.

అసలు కథ బెయిలొచ్చాకే మొదలవుతుంది. ఇద్దరు జామీనుదారులు కావాలంటారు. సాల్వెన్సీ సర్టిఫికెట్ కావాలి, దానికి తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగాలి. కట్నాల్లో కోట్లు మాట్లాడిన చుట్టాలందరూ ఆ రోజు కటిక పేదలైపోతారు. ఒకరి పొలం అన్నదమ్ముల ఉమ్మడి, ఇంకొకరి ఇల్లు బ్యాంకులో తాకట్టు. పోనీ మేనమామ ముందుకొచ్చాడనుకోండి, ఆయనది వేరే జిల్లా. నిజానికి నిన్నటిదాకా ఒకటే జిల్లా. తెలంగాణ 2016లో పదిని 31 చేసింది, ఆంధ్రప్రదేశ్ 2022లో 13ని 26 చేసింది, మేనమామ రాత్రికి రాత్రి పరాయివాడయ్యాడు. లోకల్ షూరిటీయే కావాలని పట్టుబట్టడం తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ 1978లోనే మోతీరామ్ కేసులో తేల్చారు. ఆ మోతీరామ్ మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రీ. పదివేల జామీను అడిగారు, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కుదరదన్నారు. సుప్రీంకోర్టు వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలేయమంది. ఆ తీర్పు ఇంకా మన కోర్టుల మెట్లెక్కుతూనే ఉంది.

చుట్టాలు కాదంటే అద్దె జామీనుదారులున్నారు. మీవాడి పేరు కూడా తెలియకుండా వాడు పారిపోడని ప్రమాణం చేస్తారు. నకిలీ పత్రాలవాళ్లను పోలీసులు అప్పుడప్పుడూ పట్టుకుంటారు. అప్పుడు వాళ్లకూ ఇద్దరు జామీనుదారులు కావాలి.

చట్టానికి ఈ తిప్పలు తెలియవని కాదు. బెయిలబుల్ కేసులో వారంలోపు జామీను ఇచ్చుకోలేనివాణ్ని పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీద వదలాలని బీఎన్ఎస్ఎస్ 478 చెబుతోంది. తెల్లకార్డు అక్కర్లేదు, ఆదాయ ధ్రువపత్రం అక్కర్లేదు, ఏడు రోజులు లోపలుంటే చాలు! పేదరికాన్ని ఇంత చవగ్గా నిరూపించుకునే పథకం ఇంకే శాఖలోనూ లేదు. నెల దాటినా బాండు కట్టలేనివాళ్ల షరతులు సడలించే సంగతి ఆలోచించండని సుప్రీంకోర్టు 2023లో కోర్టులకు చెప్పింది. దేశంలోని జైళ్లలో ప్రతి నలుగురిలో ముగ్గురు ఇంకా శిక్ష పడనివాళ్లే.

బాండ్లు కట్టాక విడుదల కాగితం జైలుకు చేరాలి. 2024 డిసెంబరు 13, మళ్లీ శుక్రవారమే. అల్లు అర్జున్‌ను హైదరాబాద్‌లో అరెస్టు చేశారు, సాయంత్రానికల్లా హైకోర్టు మధ్యంతర బెయిలిచ్చింది. టీవీల్లో దేశమంతా చూసింది. కాగితం మాత్రం చంచల్‌గూడకు సకాలంలో చేరలేదు, ఆ రాత్రి ఆయన లోపలే పడుకుని తెల్లారి వచ్చారు. కోర్టు ఉత్తర్వుల కోసం ఇంకా పావురాల వైపు చూస్తున్నామని మన ఎన్వీ రమణ గారు ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021లో వాపోయి, మరుసటేడు 'ఫాస్టర్' అనే ఎలక్ట్రానిక్ పద్ధతి పెట్టారు. స్టారుకే ఒక రాత్రి పట్టింది. సెంట్రింగ్ పనివాడికి ఎంత పడుతుందో మీరే లెక్కేసుకోండి.

సరే, మీవాడు ఇంటికొచ్చాడు. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టాలని షరతు. వెళ్తాడు. ఎస్సై బందోబస్తుకెళ్లాడు, రైటర్ రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం తీసుకుపోయాడు. రేపు రమ్మంటాడు సెంట్రీ. సంతకం లేదంటే బెయిలు రద్దుకు పిటిషన్ పడొచ్చు. అందుకే లోకల్ వకీలు ముందే చెప్పి పంపాడు: స్టేషన్ బోర్డు కనబడేలా, ఫోటో మీద టైము పడేలా సెల్ఫీ దిగు, వెనకాల సెంట్రీ కూడా పడితే ఇంకా మంచిది.