ఒక ప్రోనోటు ఆత్మకథ

చదువుకొన్నవారు నన్ను ప్రామిసరీ నోటు అందురు. మా కోనసీమలో అందరును ప్రోనోటనియే పిలుతురు. 1955 జూలై 10వ తేదీన ఒక షావుకారు గారి అరుగుమీద, అంతవరకు జానెడు తెల్లకాగితముగా పడియుండిన నేను, గుమాస్తా కలము నుండి “అక్షరాలా మూడు వందల రూపాయలు” అను మాట వెలువడినంతనే ప్రాణము పోసికొంటిని.

రాజమహేంద్రవరమున బి.ఏ. చదువబోవు ఒక పందొమ్మిదేండ్ల యువకుని కొరకు నేను పుట్టితిని. అతని తండ్రి వ్రాలు కూతురి పెండ్లినాటి నోటుపై అదివరకే ఇనుప పెట్టెలో నుండుటచే, “చదువు నీది గదా అబ్బాయీ, నీవే వ్రాలు చేయుము” అని షావుకారు గారు పలికిరి. మైనరు వ్రాసియిచ్చిన పత్రము చెల్లదని ఎరిగిన మనిషి గనుక, ముందుగా ఆ యువకుని ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము తెప్పించి పుట్టిన తేదీ చూచుకొనిరి. ఆ రోజులలో రెండు వందల ఏబది దాటిన బాకీకి రెండణాల బిళ్ల వలసియుండెడిది; అణా రెవిన్యూ బిళ్లలు రెండు నా అడుగున అతికించి, వానిపై అడ్డముగా వ్రాలు చేయించిరి. అవి లేకున్న న్యాయస్థానము నా మొగమైనను చూడదు. వ్రాలు మొదటి అక్షరము బిళ్లపై నిలిచినది, కడపటిది జారి కాగితముపై పడినది. చేయి వణకెనో, పాళీ మొండిదో!

వడ్డీ నూటికి నెలకు రూపాయి, అనగా నెలకు మూడు రూపాయలు. మడతలో మూడు వందలు పట్టుకొని మెట్లు దిగిన ఆ యువకుడు మూడు రూపాయలను గూర్చి ఆలోచించినట్లు తోపలేదు.

ఇనుప పెట్టెలో నాకు కాలము తెలియదు. నావంటి వాని ఆయుర్దాయము మూడేండ్లు. ఆలోగా దావా వేయకున్న, అప్పుదారు తన చేతితో నా వీపుమీద చెల్లు వ్రాయకున్న, నేను ఉత్త కాగితమును. 1958 జూన్‌లో షావుకారు గారికి ఆదుర్దా పుట్టి కబురంపిరి. అప్పటికి ఉపాధ్యాయుడైన ఆతడు వచ్చి, ముప్పదియైదు నెలల వడ్డీ నూటయైదింటిలో సగము, 52 రూపాయల 50 నయాపైసలు, కట్టి చెల్లు వ్రాసెను. ముందువైపు అణాల బిళ్లలును వెనుకవైపు నయాపైసలును గల ద్వంద్వ దేహము నాకు ఆనాడు సిద్ధించినది. అప్పు తీర్చబోయి ఆతడు నాకు మరి మూడేండ్ల ఆయువు పోసెను!

పిమ్మట ఆతడు చేసిన పని నాకు నేటికిని నవ్వు తెప్పించును. నెలకు పదునెనిమిది రూపాయలు మిగిల్చి, స్వల్పమైన వడ్డీకి తపాలా సేవింగ్సు బ్యాంకులో దాచెను. నూటికి పన్నెండు మేయు నేను ఇనుప పెట్టెలో పెరుగుచునే యుంటిని. ఆ సొమ్మే నెలనెల నా వీపున చెల్లు వేయించియున్న నా వడ్డీలో ఇంచుమించు ముప్పది రూపాయలు మిగిలియుండెడివి. కాని మొత్తము ఒక్కమారే బల్లపై పెట్టవలెనను పంతము మా గోదావరి పిల్లలకు కొంత సహజము.

1960 జూన్ 10న 424 రూపాయల 50 నయాపైసలు చెల్లించి నన్ను పుచ్చుకొని, బిళ్లలున్న మూలను వ్రాలుతో కూడ చించివైచి, మిగిలిన నన్ను తన కాలేజీనాటి పద్దుల పుస్తకమున పెట్టెను. ఇన్నేండ్లకు మూడు వందలు ఏమైనవో అచ్చట చదివితిని. కాలేజీ జీతము, మెస్సు బిల్లు, పాత పుస్తకములు: ఇవన్నియు సక్రమముగనే యున్నవి. ప్రతి నెల చివరను మాత్రము ఒక పద్దు: “చిల్లర 6-10-0”, మరునెల “చిల్లర 7-3-6”. ఏ వస్తువునకో, ఎవరితోనో ఒక్క మాట లేదు. నా నెల వడ్డీకి రెండింతలు ఆ ఒక్క మాటలోనికి పోయినది. రెండవ యేట, పరీక్ష ఫీజునకై సహాధ్యాయుని వద్ద చేబదులు పుచ్చుకొన్న పద్దు తరువాత, చిల్లర అను మాట పలుచబడి, అణాన్నర కాఫీలును, నేల టిక్కెట్టు సినిమాలును తమతమ పేర్లతో బయటపడినవి.

నన్ను పెట్టిన పుటలో ఆనాటి పద్దు నా సరసనే యున్నది. “నోటు బాకీ 424-50.” దాని క్రింద, అదే సిరాతో, “కాఫీ 0-12.”