పద్మినికి సూదిమందు

పాత కారున్న ఇంట్లో కారు చెడిపోవడం వార్త కాదు. బాగానే తిరుగుతున్న కారును బాగుచేస్తానని ఇంట్లోవాడే బయల్దేరితే అది వార్త. మా మావగారి కారు విషయంలో అలా బయల్దేరినవాడు మా బావమరిది.

కారు ప్రీమియర్ పద్మిని, 1984 మోడల్. ఇటలీవాళ్ల ఫియట్ 1100 బొంబాయిలో పుట్టి, పేరు మార్చుకుని మనదైపోయిన బండి. 1,089 సీసీ ఇంజిను, నలభై గుర్రాల బలం, స్టీరింగు పక్కనే గేరు రాడ్డు. బొంబాయి టాక్సీల్లో ఆఖరి పద్మిని 2023 అక్టోబరులో రోడ్డు దిగిపోయింది. మావగారు ఫిజిక్స్ లెక్చరరుగా రిటైరై చాలా ఏళ్లయింది గానీ, ఆయన పద్మినికి ఇంకా రిటైర్మెంటు ఆర్డరు రాలేదు.

ఆ కారులో ఆయనకు ప్రాణప్రదమైన భాగం కార్బరేటర్. దాంట్లో కరెంటు లేదు, లెక్కలు లేవు. ఇరుకు గొంతులోంచి గాలి జోరుగా పోతుంటే అక్కడ పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గేసరికి పక్క గిన్నెలో పెట్రోలు తనంతట తానే పైకొచ్చి గాలిలో కలుస్తుంది. "బెర్నూలీ 1738లో పుస్తకం రాశాడు. మన మేస్త్రి ఆటోనగర్లో ఇప్పటికీ అమలుచేస్తున్నాడు" అనేవారు, ఇద్దరూ తన స్టూడెంట్లే అయినట్టు.

మేస్త్రికి బెర్నూలీ ఎవరో తెలీదు. బానెట్టెత్తి, తల పక్కకి వాల్చి, చెవి లోపలికి పెట్టి, స్క్రూ పావు తిప్పు అటు, అర తిప్పు ఇటు తిప్పి, ఇంజిను గొంతు తనకు నచ్చగానే ఆపేస్తాడు. మా అమ్మమ్మ పులుసులో ఉప్పేసే పద్ధతి అది. కొలతెంత అని అడిగితే కోపం, తిన్నాక వంకపెట్టే దమ్ము ఎవరికీ ఉండదు.

మా బావమరిదికి ఉంది. బెంగళూరు కంపెనీ వాణ్ణి ఇంటి దగ్గర్నుంచే పని చేసుకోమంది. ఆ ఇల్లు బెజవాడలో ఉండటం, ఆ ఇంటి వాకిట్లో పద్మిని ఉండటం కంపెనీ తప్పు కాదు.

"నాన్నా, గ్రాము పెట్రోలు సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. మన ఇంజిను ఎంత గాలికి ఎంత పెట్రోలు తాగుతోందో ఎవరికైనా తెలుసా?"

"ఇంజినుకి తెలుసు."

"ఇంజినుకీ తెలీదు. అదే నా బాధ."

బాధ తీర్చుకోవడానికి సైలెన్సర్ గొట్టానికి కన్నం వేయించి ఆక్సిజన్ సెన్సరు బిగించాడు. మీటరు 11 చూపించింది. అంటే కావలసినదానికన్నా మూడో వంతు ఎక్కువ పెట్రోలు పొగగొట్టంలోకి పోతోందన్నమాట. మేస్త్రిని పిలిచి చూపిస్తే ఆయన మీటరు వైపు కాక మావగారి వైపు చూసి, "కాస్త రిచ్చుగా ఉంటేనే పికప్పు ఉంటదండి మాస్టారూ. లీన్ చేస్తే మిస్సింగు కొట్టుద్ది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. ఎందుకు నిజమో, కార్బరేటర్ బదులు కంప్యూటరు లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ పెడతానని బావమరిది దాన్ని ఊడదీశాక తెలిసింది. నలభై ఏళ్లుగా తిరిగి తిరిగి థ్రాటిల్ కడ్డీ అరిగిపోయి, దాని సందుల్లోంచి దొంగగాలి పీలుస్తోంది. మానిఫోల్డ్ గాస్కెట్టు ఒక మూల ఎప్పుడో కాలిపోయింది. ఆ దొంగగాలి లెక్కంతా మేస్త్రి చెవితోనే పట్టుకుని, దానికి సరిపడా పెట్రోలు ఎక్కువ పోస్తూ వచ్చాడు. జబ్బు బయటపడకుండా కాపురం నెట్టుకొచ్చాడు. ఇంజెక్షన్ దగ్గర ఆ పప్పులు ఉడకవు. అది ఇంజిన్ని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తుంది. లోపలికొచ్చే గాలి వేడెంత, మానిఫోల్డులో పీడనమెంత, రేడియేటర్ నీళ్ల వేడెంత, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, క్రాంకు ఇప్పుడు ఏ డిగ్రీలో ఉంది. జవాబులన్నీ వచ్చాక ఇంజెక్టర్ని కొన్ని మిల్లీసెకన్లు తెరిచి మూసేస్తుంది. మళ్లీ అడుగుతుంది. ఇన్నేళ్లలో మా పద్మినిని ఎవరూ ఏదీ అడిగి ఎరగరు.

ప్రశ్నలడిగే కంప్యూటరు కూడా బావమరిది చేసుకున్నదే. ఆర్డునో మెగా అని ఇంజనీరింగు పిల్లలు ప్రాజెక్టులకి వాడే చిన్న బోర్డు ఉంటుంది. దాని మీద నడిచే స్పీడుయినో అనే ఇంజెక్షన్ ప్రోగ్రామును ఆస్ట్రేలియా నుంచి ఒకాయన మొదలుపెట్టి, ఎవరైనా ఉచితంగా వాడుకోమని వదిలేశాడు. "ఈ బోర్డుతో మా కాలేజీలో లైటు వెలిగించి ఆర్పేవాళ్లు" అని మావగారు గుర్తుచేసుకున్నారు. ఇప్పుడూ ఆర్పుతుందేమో అని ఆయన భయం.

ఆయన అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. ఎక్కడెక్కడో చదివి ఒక చరిత్ర పట్టుకొచ్చారు. అమెరికాలో బెండిక్స్ కంపెనీ 1957లోనే ఎలక్ట్రోజెక్టర్ అని ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ తయారుచేసింది. 1958లో క్రిస్లర్ కంపెనీ దాన్ని ఓ 35 కార్లకు బిగించి అమ్మింది. బానెట్ కింద వేడికి ఆనాటి ఎలక్ట్రానిక్ సరుకు నిలబడలేదు. చివరికి చాలా కార్లకు ఇంజెక్షన్ ఊడదీసి కార్బరేటర్లే పెట్టిచ్చారు. "చూశావురా? తెలివైనవాళ్లు వెనక్కొచ్చారు" అన్నారు. "ఆ పేటెంట్లు బాష్ చేతికెళ్లాయి నాన్నా. 1967లో వాళ్లు ఫోక్స్‌వాగన్‌కి పెట్టి నడిపించి చూపించారు" అన్నాడు వీడు. మన దగ్గర కాలుష్యం రూల్సు బిగుసుకున్నాక 2000 ప్రాంతంలో మారుతి 800 కూడా ఇంజెక్షన్‌లోకి మారిపోయి, డిక్కీ మీద ఎంపీఎఫ్ఐ అని అక్షరాలు అంటించుకుని తిరిగింది. ఆ అక్షరాలకు అర్థం తెలిసి కారు కొన్నవాణ్ణి నేనింకా చూడలేదు. అవి లేని కారు కొనకూడదని మాత్రం అందరికీ తెలుసు.

సరే, పని ఆటోనగర్‌కి చేరింది. విజయవాడ ఆటోనగర్‌లో దొరకని పనివాడు ఉండడు. ఒక వీధిలో స్ప్రింగు కట్టలు, ఇంకో వీధిలో లారీ బాడీలు, ఆ పక్క సందులో రేడియేటర్లు. కార్బరేటర్ కూర్చునే చోట అల్యూమినియం ప్లేటు పెట్టి, దాని మీద పాత మారుతి నుంచి తెచ్చిన థ్రాటిల్ బాడీ బిగించడం వాళ్లకి పూట పని. చిక్కంతా పళ్లచక్రం దగ్గర వచ్చింది.

ఈ పళ్లచక్రం క్రాంకు పుల్లీకి బిగిస్తారు. చుట్టూ 36 పళ్లకు చోటుంటుంది, పది డిగ్రీలకు ఒకటి. అందులో ఒక పన్ను కావాలని వదిలేస్తారు. పక్కనున్న సెన్సరు ముందునుంచి పళ్లు వరసగా పోతూ పోతూ ఒకచోట ఖాళీ తగిలితే, క్రాంకు ఎక్కడుందో కంప్యూటరుకి తెలుస్తుంది. చక్రానికంతటికీ ముఖ్యమైన పన్ను ఆ లేని పన్నే.

బావమరిది డ్రాయింగు గీసి లేతు షాపులో ఇచ్చాడు. తీసుకురావడానికి నేనూ మావగారూ వెళ్లాం. లేతాయన చక్రాన్ని గుడ్డతో తుడిచి చేతిలో పెట్టాడు.

"డ్రాయింగులో మీ అబ్బాయి ఒక పన్ను మర్చిపోయాడండి. అలాగే కోసేశాం, తర్వాత లెక్కపెట్టుకుంటే తేడా తెలిసింది. పన్ను తక్కువైతే గేరు అరుస్తది కదండీ. నేనే వెల్డింగు పెట్టి, ఆకురాయి పట్టి నింపేశా. దానికేం ఇవ్వొద్దు లెండి."

ఆ నిజాయితీకి మావగారి కళ్లు చెమర్చాయి. లేతాయనకు కాఫీ కూడా ఇప్పించి వచ్చాం.

ఇంటి దగ్గర బావమరిది చక్రాన్ని ట్యూబులైటు కింద పెట్టి అంగుళం అంగుళం తిప్పి చూశాడు. అరగంట చూసినా ఏది పుట్టుకతో వచ్చిన పన్నో, ఏది పెట్టుడు పన్నో కనిపెట్టలేకపోయాడు. అంత శుభ్రంగా ఉంది పని. "ఏదో ఒకటి కోయించేద్దాం బావా, తేడా నేను సాఫ్ట్‌వేర్లో సర్దుకుంటా" అన్నాడు. మర్నాడు అదే లేతాయన దగ్గరికి అదే చక్రం తీసుకెళ్లి, బాగున్న పన్ను ఒకటి తీసేయమని అడిగాం. ఆయన మావగారిని పక్కకి పిలిచి, "అబ్బాయికి ఒంట్లో బాగుంటోందా అండీ?" అని మెల్లగా అడిగాడు.

పెట్రోలు ట్యాంకు గోల పొడుగ్గా చెప్పను. పాత పంపు ఇంజినుకే తగిలించి ఉండి, ఏదో నామమాత్రం ఒత్తిడితో తోసేది. ఇంజెక్టర్లకు మూడు బార్ల ఒత్తిడి కావాలి, కరెంటు పంపు కావాలి, మిగిలింది ట్యాంకులోకి తిరిగి పోవడానికి ఇంకో పైపు కావాలి. ట్యాంకులో గులకరాళ్లు పోసి ఊపి కడిగితే వచ్చిన తుప్పుతో మావగారు పూలకుండీకి రంగు వేయొచ్చన్నారు. అత్తగారు ఒప్పుకోలేదు.

మొదటిసారి స్టార్టు చేసిన రోజు వీధంతా చేరింది. ఇంజిను అంటుకుంది. చప్పట్లు కొట్టబోతున్నంతలో వెనకనుంచి నల్లటి పొగ గుప్పుగుప్పున వచ్చి, ఎదురింటివాళ్లు ఆరేసిన పంచెల దాకా వెళ్లింది. మే నెల, మధ్యాహ్నం, బెజవాడ. బావమరిది ల్యాప్‌టాప్ చూసి తల పట్టుకున్నాడు. నీళ్ల వేడి చెప్పే సెన్సరు వైరు ఊడిపోయింది. వైరు ఊడితే ఆ సెన్సరు లెక్కలో వేడి మైనస్ 40 కింద వస్తుంది. కంప్యూటరు పాపం అది నమ్మేసి, గడ్డకట్టుకుపోయిన ఇంజిన్ని బతికించాలని పెట్రోలు ధారపోస్తోంది.

"మైనస్ నలభై అంటే సెంటీగ్రేడా అండీ, ఫారన్‌హీటా?" అని ఎదురింటాయన అడిగాడు, పంచె దులుపుకుంటూ.

మావగారి మొహం ఆ రోజంతట్లో మొదటిసారి వెలిగింది. "ఏదైనా ఒకటే! రెండూ సరిగ్గా అక్కడే కలుస్తాయి!" అని, పొగ మధ్యలో నిలబడే ఆయనకి సూత్రం రాసి చూపించారు.

తర్వాత హారన్ వ్యవహారం. హారన్ కొడితే ఇంజిను ఆగేది. పాత బండిలో ఎర్తు వైర్లు తుప్పుపట్టి, హారన్ లాగే కరెంటుకి కంప్యూటరు స్పృహ తప్పేది. హారన్ కొట్టకుండా బెంజి సర్కిల్ దాటినవాడు విజయవాడలో ఇంతవరకు లేడు. మావగారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, గొంతెత్తి "తప్పుకోండమ్మా, తప్పుకోండి" అంటూ దాటించారు. జనం నిజంగానే తప్పుకున్నారు. వైర్లన్నీ కొత్తవి వేసి, ఎర్తు నేరుగా బ్యాటరీకి లాగాక ఆ జబ్బు పోయింది.

మిగిలింది ట్యూనింగు. కంప్యూటరులో పదహారు గళ్ల అడ్డం, పదహారు గళ్ల నిలువు పట్టిక ఒకటి ఉంటుంది. ఇంజిను ఏ వేగంలో, ఎంత బరువు లాగుతుంటే ఎంత పెట్రోలు పోయాలో 256 గళ్లలో నింపాలి. ఆ గళ్లు నింపడానికి గన్నవరం రోడ్డెక్కాం. మావగారు డ్రైవింగు, పక్క సీట్లో ల్యాప్‌టాప్‌తో బావమరిది, వెనక నేను.

"నాన్నా, 2,400 ఆర్పీఎం దగ్గర ఒక్క నిమిషం నిలుపు."

"ఎక్కడుందిరా ఆ మీటరు?"

పద్మినిలో స్పీడు మీటరే గానీ ఆర్పీఎం మీటరు లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రోడ్డు నేను చూశాను. చివరికి మావగారే దారి కనిపెట్టారు. రేడియో ఆపించి, అద్దాలు ఎత్తించి, "మూడో గేరులో ఈ గొంతు వస్తే నలభై ఐదు. నీ లెక్కెంత చూపిస్తోంది?" అన్నారు. "2,380" అన్నాడు వాడు, కాస్త చిన్నబోయి. ఆ మధ్యాహ్నం 256 గళ్లలో చాలావాటిని నింపింది ఆయన చెవే. మేస్త్రికి ఈ సంగతి చెప్పకూడదని దారిలో ఒట్టు వేయించుకున్నారు.

బండి ఇప్పుడు బాగుంది. చోక్ లాగే పని లేదు. వేసవిలో పెట్రోలు పంపు మీద తడిగుడ్డ కప్పే పని లేదు. ఇంజిను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి ఎక్కడబడితే అక్కడ నిలబడిపోయే బండి, మూడు బార్ల ఒత్తిడిలో పెట్రోలు ఆగకుండా తిరుగుతుండటంతో నిలబడటం మానేసింది. తడిగుడ్డ మాత్రం కారులోనే ఉంది. మావగారు ఇప్పుడు దాన్ని నెత్తిమీద వేసుకుంటున్నారు. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక బావమరిది ఇంకో ఉపన్యాసం ఇచ్చాడు. ఆ పెట్రోలుకి 14.7 కాదు, 13.5 గ్రాముల గాలి చాలు. మామూలు పెట్రోలుకి బిగించిన కార్బరేటర్ దానికి చాలీచాలకుండా పోస్తుంది, మనదైతే సెన్సరు చూసి తానే సర్దుకుంటుంది. మావగారు అంతా విని, "అంటే మేస్త్రి ముందుచూపుతోనే 11 పెట్టాడన్నమాట" అన్నారు.

పొల్యూషన్ సర్టిఫికెట్టు గడువు తీరిపోయిందని మొన్న బంకు పక్కన వ్యాను దగ్గర ఆపాం. అక్కడి కుర్రాడు దిగకుండానే నంబరు ప్లేటు ఫొటో తీసి, డబ్బులు చెప్పాడు.

"పైపు పెట్టి చూడవా?" అన్నాడు బావమరిది.

"ఎందుకు సార్, పాసైపోద్ది."

"పాసవ్వడం కాదు, ఎంతొస్తుందో చూడు. దీనికోసమే ఆరు నెలలు కష్టపడ్డాం."

విసుక్కుంటూనే పైపు తెచ్చి పొగగొట్టంలో పెట్టాడు. తెర వైపు చూశాడు. పైపు తీసి, నేలకేసి రెండుసార్లు తట్టి, మళ్లీ పెట్టాడు. మళ్లీ చూశాడు.

"మిషను ఖరాబైనట్టుంది సార్. పాత ఫియట్‌కి ఇంత తక్కువ ఎప్పుడూ రాలేదు" అని, కీబోర్డు మీద ఫియట్లకు తను మామూలుగా వేసే అంకె వేసి ప్రింటు తీశాడు.