పేలికా విజయము

కావ్యాదిన గణపతినో గిరిజాపతినో తలచుకోవలసిన చోట చారల దిండుగలీబు గుడ్డను తలచుకుంటున్నాను. సరస్వతి మన్నించుగాక.

అది పెన్సిల్వేనియా సీమ. 18వ శతాబ్దంలో లాంకాస్టర్ పరిసరాల జర్మన్ పనివాళ్లు కొలిమిముందు తపస్సు చేసి కన్న పొడుగు రైఫిళ్ల వంశం. 1780 అక్టోబరు 7న, అమెరికా స్వాతంత్ర్య సమరంలో, కింగ్స్ మౌంటెన్ మీద, చెట్లచాటు నుంచి బ్రిటిష్ రాజభక్తుల దండును దునుమాడిన వంశం. అందులో నేటి అంకురం, అర అంగుళం లోవ్యాసపు గొట్టంతో, మన వీరుడి భుజమెక్కింది.

వీరుడు గొట్టం మూతిలోంచి నల్ల తుపాకిమందు పోశాడు. 0.490 అంగుళాల సీసపు గుండు కింద పలుచని పేలిక పరిచి, కర్రతో అడుగంటా దట్టించాడు. గిన్నెలో రంజకం పోశాడు. తుపాకి గుర్రం ఎక్కుపెట్టి మీట నొక్కాడు. చెకుముకి ఉక్కును ముద్దాడింది, నిప్పులు రాలాయి, దిక్కులు దద్దరిల్లాయి, దిగ్గజాలు చెవులు ముడుచుకున్నాయి, గంధకధూమం గగనాన్ని మింగింది. పొగ విడిచేసరికి యాభై గజాల అవతల కాగితం చెక్కుచెదరలేదు. రెండో గుండు ఈశాన్యాన, మూడోది నైరుతిన. నాలుగోదాని గతి ఏ ఓక్ చెట్టుకో తెలియాలి.

వీరుడు గాలిని తిట్టాడు, ఎండను తిట్టాడు, గొట్టం చేసినవాణ్ణి మూడు తరాలు వెనక్కి తిట్టాడు. ఓరి వెర్రివాడా! నాలుగడుగులు ముందుకు నడిచి, గడ్డిలో పడిన పేలికను అడగవేం?

ఆ పేలికే మన నాయిక. పతివ్రతా పేలిక లక్షణం వినండి: అంచు పీచులేచినా ఒంటికి చిల్లు ఉండదు; నడుమ మసిబొట్టు, చుట్టూ గొట్టంలోని చాళ్ల ముద్రలు. మన నాయికకో, నట్టనడుమ కాలిన కంత! నిప్పు ఆమెను దాటి గుండును తాకింది. గుడ్డ పలుచన, లేదా కొవ్వు చాలలేదు. 0.015 అంగుళాల దిట్టమైన చారల దిండుగలీబు నేత తెచ్చి కొవ్వు బాగా పట్టించాలి. (కొందరు మహర్షులు ఉత్త ఉమ్మితోనే కానిస్తారు.) చెలికత్తె పేలికదింకో కథ: కంత లేదు, గుండు చుట్టుకొలత వెంట కత్తిగాట్లు. మందు పోయకుండా గుండును కాస్త దించి పైకి లాగితే అప్పటికే గాట్లు! దోషం కొత్త గొట్టపు మూతి పదునుది. సన్నని గరుకుగుడ్డను బొటనవేలితో అక్కడ ఓపిగ్గా తిప్పితే ఆ పొగరు దిగుతుంది.

నల్ల తుపాకిమందులో సగానికి పైగా కాలి మసీ మడ్డీ అవుతుంది కనుక, ప్రతి కాల్పుకూ మధ్య తడిగుడ్డతో గొట్టానికి అభ్యంగనం. కర్రమీద గీత గీసుకుని గుండు మందును ఆనిందో లేదో చూడాలి; నడుమ ఖాళీ మిగిలితే పగిలేది శత్రువు గుండె కాదు, గొట్టం. ఇక రంజకం కుప్పపోసి బెజ్జాన్ని పూడిస్తే ‘ఫుస్స్’కూ ‘ఢాం’కూ నడుమ ఒక క్షణం సాగుతుంది, ఆ క్షణంలో మహావీరుడైనా ఉలిక్కిపడి గురి వదులుతాడు. విస్తరభీతిచే ఆ ఘట్టం విడుస్తున్నాను.

గుడ్డ మారింది, మూతి నునుపు తేలింది. మళ్లీ నిప్పులు, మళ్లీ దిగ్గజాలకు చెవినొప్పి. ఈసారి గుండ్లన్నీ ఒక్క గుప్పిట్లో ఇమిడేటంత చోట పడ్డాయి. ఆ చోటు నల్లచుక్కకు బెత్తెడు ఎడమన. వీరుడు విజయశంఖం పూరించి, గొట్టం మీది వెనక గురిపలకను కుడికి తట్టడానికి ఇత్తడి సుత్తి కోసం సంచి వెతకసాగాడు.