కూడికల పథ్యము

పథ్యమనునది లోకమందంతటను ఒక తీసివేత లెక్క. తినుచున్న దానిలోనుండి నేతిని తీసివేయుము, తీపిని తీసివేయుము, అన్నమును సగము చేయుము, మిగిలినదానితో ప్రాణము నిలుపుకొనుము అని వైద్యులు చెప్పుదురు, రోగులు విందురు, కొందరు పాటింతురు కూడ. గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగిన మాబోటివారి యిండ్లలో మాత్రము ఈ లెక్క ఏ కాలమునను తీసివేతగా సాగలేదు. అది గుమ్మములో అడుగిడగానే కూడికయై, వంటింటిలోనికి పోయి ఇంకొక వంటకమై, విస్తరిలో ఒక మూల చూచుకొని కూర్చుండును. ఆరోగ్యశాస్త్రము విధించిన ప్రతి నియమమును మేము శిరసావహించితిమి; దేనిని ధిక్కరించి యెరుగము; కాని ఒక నియమము కొరకు గరిటెడన్నమునైనను వదలుకొన్న పాపము మా వంశమున ఎవ్వరికిని అంటలేదు.

తీసివేతకు మా సీమలో ఒక్క సందర్భమున మాత్రమే గౌరవము కలదు. వరదనీరు ఎఱ్ఱబడగానే సముద్రమును విడిచి, ప్రవాహమునకు ఎదురీదుచు ధవళేశ్వరము దెసకు వచ్చు పులస చేపను పుస్తెలమ్ముకొనియైనను తినవలెనని ఇచ్చట సామెత. అనగా, మెడలోనుండి తీసివేయవచ్చును గాని విస్తరిలోనుండి తీసివేయరాదని దాని తాత్పర్యము. మా యింట చేప వండరు; అయినను సామెతలోని ధర్మమును మాత్రము పనసపొట్టుకూర విషయమున మేమును తు.చ. తప్పక ఆచరించుచున్నాము.

ఇట్టి కుటుంబమునకు మధుమేహము అతిథిగా వచ్చెను. నా రక్తమున చక్కెర పాలు హెచ్చినదని పట్టణములోని వైద్యులొకరు నిర్ణయించి, ఉదయమున రాగిజావ, మధ్యాహ్నమున కొఱ్ఱన్నము, సాయంకాలమున మొలకెత్తిన పెసలు, రాత్రి జొన్నరొట్టె అని ఒక కాగితముపై వ్రాసియిచ్చిరి. ఆ కాగితమును మా అమ్మ కళ్ళజోడు పెట్టుకొని, పంచాంగశ్రవణమునకు చూపు శ్రద్ధతో రెండు మారులు చదివి, “ఎంత మంచి డాక్టరురా నాన్నా! ఎన్నేసి తినమన్నాడో చూడు!” అని ఆ వైద్యుని చల్లగా ఉండుమని దీవించెను.

మరునాటినుండి పథ్యము ప్రారంభమయ్యెను. తెల్లవారగానే గ్లాసునిండ రాగిజావ వచ్చెను. అది త్రాగి, ఈ పూటకు ఇంతియే కాబోలునని పత్రిక విప్పితినో లేదో, మూకుడులో అడుగున ఎఱ్ఱగా కాలి, పైన దూదివలె పొంగిన దిబ్బరొట్టె, ప్రక్కన ఆవకాయతో ప్రత్యక్షమయ్యెను. ఇదేమని అడుగగా, “జావ తాగడమంటే మంచినీళ్ళు తాగినట్టే కదుటండీ, టిఫినెలా అవుతుందీ?” అని మా యింటావిడ ప్రశ్నించెను. మధ్యాహ్నము కొఱ్ఱన్నము పప్పుతో తిని లేవబోవుచుండగా మా అమ్మ భుజముపై చేయివేసి కూర్చుండబెట్టి, “అదేవిట్రా, అప్పుడే లేస్తావేం? కొఱ్ఱలు మందు. మందేసుకున్నాక అన్నం తినొద్దూ?” అనెను. మొలకెత్తిన పెసలకు కోనసీమ కొబ్బరికోరును, ఇంగువ తిరగమోతయు తోడయ్యెను. జొన్నరొట్టె గొంతునకు అడ్డుపడునను భయముచే దానికి వెన్న పూయబడెను. అది అరుగుటకై పెరుగన్నము, పెరుగన్నము రుచించుటకై మాగాయ. ఇట్లు వైద్యుని కాగితములోని నాలుగు వంటకములును ఎనిమిదియైనవి. నేను తినుచున్న పూర్వపు వంటకములు మాత్రము యథాపూర్వముగా వర్ధిల్లుచుండెను.

చిరుధాన్యములపట్ల మా డెల్టావారి చూపు మొదటినుండియు కొంచెము వక్రము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినప్పుడు దేశమంతయు వానికి పట్టము కట్టినది గాని, మా ఊరి అరుగులమీద మాత్రము, “ఆయ్, మెరకవాళ్ళు తినేవి కదండీ!” అని ఒక్క మాటతో ఆ విషయము ముగిసినది. దీనికి ఆర్థర్ కాటను దొర కొంత బాధ్యుడు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరమున ఆనకట్ట కట్టి, కాలువలద్వారా నీటిని ఊరూరికి నడిపించి, ఈ నేలను వరిచేను చేసిన ఆ మహానుభావునకు ఊరూర విగ్రహములు నిలిపి దండలు వేయుచున్నాము. నీరు వచ్చినది, నీటితో వరి వచ్చినది, వరితో వరియన్నము తినువాడే మనిషియను అభిమానమును వచ్చినది. అభిమానము వచ్చినచోట పథ్యమునకు పీట వేయుట కష్టము.

అంతకంటె పెద్ద కారణము ఇంకొకటి కలదు. ఒక్కొక్క సీమ తన ప్రజలు ఎవరిని కొలుతురో వారిని బట్టి నడచును. యోధులను కొలుచు సీమలు కలవు; కవులను కొలుచు సీమలు కలవు. మా కోనసీమ ఒక వంటింటి ఇల్లాలిని కొలిచినది. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరములో కాపురము చేసి, 1909లో కన్నుమూసిన డొక్కా సీతమ్మగారు, లంకలు దాటి అలసి వచ్చిన బాటసారికి జాతి కులములడుగక, వేళయు అవేళయు చూడక, పొయ్యి రాజేసి అన్నము పెట్టిన తల్లి. ఆమె పేరు వైనతేయ పాయపైనున్న అక్విడక్టునకు పెట్టిరి. 2024లో రాష్ట్రములోని బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకును పెట్టిరి. ఇట్టి సాధ్వి నడచిన నేలమీద, “ఇంకొంచెం వేసుకోండి” అనినవారిదే పుణ్యము. “చాలండీ” అనినవానిది నోటి దురుసు.

మా బావగారి యింట భోజనమునకు కూర్చుండినప్పుడు ఈ ధర్మసూక్ష్మము నాకు బాగుగా బోధపడినది. విస్తరిపై చేయి అడ్డము పెట్టితిని. చేతిప్రక్కనుండి గరిటె వచ్చెను. రెండవ చేయి అడ్డము పెట్టితిని. “అదేంటి బావగారూ, మా యింట్లో అన్నం అంత అన్యాయంగా ఉందా? ఏదో పిట్టకి పెట్టినట్టు పెట్టించుకున్నారూ!” అని ఆయన నొచ్చుకొనెను. మధుమేహమని మనవి చేసితిని. ఆయన ముఖము వెంటనే వికసించి, లోపలికి చూచి, “ఏమేవ్, అన్నయ్యగారికి షుగరంట! పాయసంలో పంచదార కాదు, బెల్లం వేశావు కదూ?” అని కేక వేసెను. బెల్లమే వేసినారట. కావున నాకు రెండు గిన్నెలు వచ్చెను.

ఇంతమాత్రముచే మా పూర్వులు తిన్నదంతయు అమృతమనియు, నేటివారు తినునదంతయు విషమనియు చెప్పువారి పక్షమున నేను చేరుటలేదు. పూర్వులకును ఒక గొప్ప లోపము కలదు. అది వారి తెల్లదనపు పిచ్చి. బియ్యము మల్లెపూవువలె తెల్లగా ఉండనిచో ఆ యింట పిల్లనిచ్చుటకు సందేహించినవారు కలరు. ఆ తెలుపు కొరకు పైపొరను తీసివేసిరి. మా చరిత్రలో కనబడు ఏకైక తీసివేత అదియే, అదియును తీయరాని చోటనే తీసిరి. రాజమహేంద్రవరముతో కూడిన ఉత్తర సర్కారులలో కాళ్ళు చచ్చుపడి, దేహము ఉబ్బి, గుండె ఆగి మనుష్యులను చంపుచుండిన బెరిబెరిని గూర్చి మాల్కంసన్ అను మద్రాసు సైన్యవైద్యుడు 1835లోనే ఒక గ్రంథము వ్రాసెను. కారణము మాత్రము ఆయనకు చిక్కలేదు. ఆ శతాబ్దము చివర జావాలో ఐక్మన్ అను డచ్చి వైద్యుని కోళ్ళు అదేవిధముగా కాళ్ళు పడిపోయి కూలుచుండెను. అవి ఆసుపత్రి వంటయింటి తెల్లన్నము తినుచుండెను. ఇంతలో వంటవాడు మారెను. క్రొత్తవాడు మహా నిక్కచ్చి మనిషి. సైన్యపు బియ్యము పౌరకోళ్ళకు పెట్టనని భీష్మించెను. గతిలేక తవుడు పోని ముతక బియ్యము తిన్న కోళ్ళు లేచి నడచెను. ఆ పిసినారితనము చూపిన దారిని పోయిన పరిశోధనకు 1929లో నోబెల్ బహుమానము వచ్చినది. వంటవానికి ఏమియు రాలేదు. మా సీమలో అట్టి వంటవాడు పుట్టుట అసంభవము. కోళ్ళు వచ్చి గుమ్మములో నిలిచినచో సన్నబియ్యపు అన్నమే, అదియును నేతితో పెట్టియుండును.

ఇంతకును మేము తీసివేసిన తవుడు ఎచ్చటికి పోయెను? గేదెకు పోయెను. కుడితిలో కలిపిన తవుడును తిని గేదె నిగనిగలాడుచుండెను. తెల్లన్నము తిని యజమాని కాళ్ళు పట్టుకొని మూలుగుచుండెను. అప్పటికిని ఆ మూగజీవి కృతజ్ఞత మరువక, తనకు దక్కిన బలములో కొంత పాలు, పెరుగు, నేయి రూపమున వాయిదాలమీద తిరిగి చెల్లించుచునే యుండెను. 1934లో గ్రామపరిశ్రమల సంఘమును స్థాపించి గాంధీ మహాత్ముడు దంపుడు బియ్యము తినుడని దేశమునకు చెప్పినప్పుడు, మా తాతగారు ఖద్దరు కట్టిరట, నూలు వడికిరట, జైలునకును పోయివచ్చిరట. దంపుడు బియ్యము దగ్గర మాత్రము, “స్వరాజ్యం రానీండి, చూద్దాం” అనిరట.

తెల్లన్నమువలన కలిగిన లోటును కొంత పూడ్చినది ఆ అన్నము ప్రక్కన నిలిచిన కూరలే. మా యింటి వంటలో దాగిన వివేకమంతయు అచ్చటనే కలదు. పెరటిలో పారిన బచ్చలితీగెను కందముక్కలతో ఉడికించి, చింతపండు పిండి, ఆవపెట్టి చేయు కందబచ్చలికూర లేక మాకు పెండ్లి కాదు. అరటిచెట్టు గెల వేసి, ఆ గెల దిగిన తరువాత, పువ్వును వలిచి ఒకనాడు, దూటను తరిగి పీచు తీసి ఒకనాడు కూరలు చేయుదురు. ఆకులో భోజనము పెట్టుదురు. పనసపొట్టు చేయు ఇల్లాలు చేతులకు నూనె రాచుకొని, లేత పనసకాయను కత్తితో సన్నముగా కొట్టి, ఆ పొట్టును ఉడికించి, నీరు పిండి, ఎండుమిరపకాయలు జీడిపప్పులతో తిరగమోత పెట్టి, దింపిన తరువాత ఆవముద్ద కలిపి, అది ముక్కునకంటు ఘడియవరకు వేచియుండును. పనస ఆకులతో బుట్టలు కుట్టి, ఇడ్లీపిండిని పోసి, ఆవిరిపై ఉడికించు పొట్టిక్కలకు నూనెచుక్క అవసరము లేదు. పీచు, ఆవిరి, ఆకుపసరు అని నేటి పోషకాహార పండితులు ఏకరువు పెట్టునవన్నియు ఇందే యున్నవి.

ఆకుకూరల మహిమను లోకమునకు చాటినవారిలో మావాడొకడు ఉండుట గర్వకారణము. 1895లో భీమవరమున జన్మించి, రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు సంగ్రహణివంటి వ్యాధికి బలియైరి. ఆయనకును అదే వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బయటపడెను. ఆపైన అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయించెను. ఆ ఫలితము 1945లో వెలువడినది. ఆ మందు సంగ్రహణికే వాడుకలోనికి వచ్చినది. ఆ ఆమ్లము పచ్చని ఆకుకూరలలో సమృద్ధిగా నుండును. ఈ సంగతి మా అమ్మకు వినిపించితిని. ఆమె సుబ్బారావుగారి ప్రజ్ఞకు సంతోషించి, “పాపం, అంత దూరంలో ఆయనకి తోటకూర పులుసు ఎవరు వండిపెట్టేవారో!” అని విచారించెను, ఆ విచారమున ఆనాటి పులుసు నాకు ఇంకొక గరిటె పడెను.

ఇంతలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో భారతీయుల ఆహారమునకు 17 సూత్రములు ప్రకటించిరి. 1918లో కూనూరునందు బెరిబెరి విచారణ కొరకే పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన సంస్థ అది. కావున మా బియ్యముతో దానికి పాతపరిచయము కలదు. ధాన్యములనుండి వచ్చు శక్తి నూటికి 45 పాళ్ళు మించరాదనియు, పళ్ళెములో సగము కూరలు, పండ్లు ఉండవలెననియు, ఉప్పు రోజునకు 5 గ్రాములు దాటరాదనియు అందు కలదు. ఇంటిల్లిపాదిని కూర్చుండబెట్టి చదివితిని. సగము పళ్ళెము కూరలకు విడువవలెనన్న మాటకు మా అమ్మ క్షణమాలోచించి, “నిజమేరా, ఈ కంచంలో చోటెక్కడుందీ? పెద్ద కంచం తెప్పించు” అనెను. ఉప్పు సంగతి మా యింటావిడ తేల్చెను: “కూరల్లో తగ్గించేద్దామండీ. చప్పగా ఉంటే ఆవకాయ నంజుకోవచ్చు.” ఆవపిండికి కారమునకు దాదాపు సరితూగ ఉప్పు పోసి కలుపు పదార్థమే ఆవకాయ యని నేను చెప్పబోతిని గాని, అది అప్పటికే కంచములో నుండెను.

ఈ మహాపురుషుల కృషినంతయు పరిశీలించిన మీదట నాకు తోచిన సిద్ధాంతమొకటి కలదు. మా సీమకు వ్రాయు వైద్యులు తీసివేత భాషను విడిచి, కూడిక భాషలో వ్రాయవలెను. ‘అన్నము తగ్గింపుము’ అని వ్రాసిన కాగితము మా వంటింటిలో చెల్లదు. ‘అన్నమునకు ముందు రెండు కూరలు చేర్పుము’ అని వ్రాసినచో దానికి హారతి పట్టుదురు. తీసివేయవలసిన పనిని మనుష్యులకు అప్పగింపనక్కరలేదు. దానికి కడుపు కలదు. ఎంతటి గోదావరి కడుపైనను దానికి ఒక గట్టు కలదు గదా. ముందు పోసినది కూరయైనచో, వెనుక వచ్చు అన్నము తనంతట తానే వెనుకకు మరలును.

ఈ సిద్ధాంతమును మా యింటావిడ అమలుపరచెను. ఇప్పుడు మా యింట ముందుగా గిన్నెడు తోటకూర పులుసో, అరటిదూట కూరయో, పెసరపప్పు వేసిన పొట్లకాయ కూరయో వట్టిదే వడ్డింపబడును. అది ముగిసిన తరువాతనే అన్నము వచ్చును. వంటకముల సంఖ్య పెరిగినందున మా అమ్మకు ఆనందము. ఎవరును నన్ను వద్దనలేదు గనుక నాకు ఆనందము. కొన్ని మాసములకు రక్తపరీక్ష చేయించగా చక్కెర దిగియుండెను. వైద్యులు సంతోషించి, ఏమేమి మానివేసితిరని అడిగిరి. “మానడమేవిటండీ! రెండు కూరలు పెంచాం” అని మా యింటావిడ చెప్పెను.

ఇంటికి వచ్చి ఈ శుభవార్త చెప్పగా మా అమ్మ ఆశ్చర్యపడలేదు. “నాకు ముందే తెలుసురా. నెయ్యి మానకుండా వేసుకుని తిన్నావు కనక సరిపోయింది. మానేసుంటే ఇంత తొందరగా తగ్గేదా?” అని, ముద్దపప్పుపై ఇంకొక గరిటెడు నేయి వంచెను. ఈ వాదమును ఖండించుటకు వైద్యశాస్త్రమున ప్రమాణములు లేకపోలేదు. కాని ఖండింపవలసిన నోటిలో అప్పటికే ముద్ద యుండెను.